పార్శిల్‌లో కరిగిపోతున్న లాభం

కొండపల్లి బొమ్మ, ఆత్రేయపురం పూతరేకు, గుంటూరు ఆవకాయ, మంగళగిరి చీర దేశంలోని ఏ గడపకైనా చేరగల రోజులివి. సరుకు ఇల్లు దాటిన తర్వాత మొదలయ్యే ఖర్చులు మాత్రం చాలామంది చిన్న వ్యాపారుల లెక్కల పుస్తకంలోకి చేరడం లేదు. ఆ ఖర్చులు ఎక్కడ పుడుతున్నాయి, ఎవరి మీద పడుతున్నాయి, వాటిని అదుపు చేసే మార్గమేమిటి అన్నదే ఈ వారం ముఖచిత్ర కథనం.

చేతివృత్తుల కుటుంబాలు, ఇంటి వద్ద పచ్చళ్లూ పిండివంటలూ తయారుచేసి అమ్మే మహిళలు, చేనేత సహకార సంఘాలు, చిన్న ప్రచురణ సంస్థలు గత పదేళ్లలో ఊరి సంతనూ పట్నంలోని టోకు వర్తకుణ్నీ దాటి కొనుగోలుదారుకు నేరుగా సరుకు పంపగల స్థితికి చేరుకున్నాయి. 2016లో మొదలైన యూపీఐ చెల్లింపులను సులువు చేయగా, చేతిలోని ఫోనే దుకాణంగా మారగా, కొరియర్ సేవలు మండల కేంద్రాల దాకా విస్తరించగా, అమ్మకానికి ఉన్న పాత అడ్డంకులు చాలావరకు తొలగిపోయాయి. అయితే దళారికి పోయే వాటా ఇక మిగిలినట్టేనని భావించిన చోటనే మరో వాటాదారు వచ్చి చేరాడు. సరుకును ఒక ఇంటి నుంచి తీసుకుని మరో ఇంటికి చేర్చే క్రమంలో అయ్యే ప్యాకింగు, రవాణా, నిర్వహణ ఖర్చులే ఆ కొత్త వాటాదారు.

ఈ వాటా అందరికీ ఒకేలా ఉండదు. కేంద్ర ప్రభుత్వంలోని పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం కోసం జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి రూపొందించగా 2025 సెప్టెంబరులో వెలువడిన నివేదిక, 2023-24లో దేశం మొత్తం మీద సరుకు రవాణా, నిల్వ, నిర్వహణల వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో 7.97 శాతమని అంచనా వేసింది. ఇది సగటు మాత్రమే. అదే నివేదిక సంస్థలను టర్నోవరు ప్రకారం విడదీసి చూసినప్పుడు, 250 కోట్ల రూపాయలకు మించిన సంస్థలకు ఈ వ్యయం ఉత్పత్తి విలువలో 8 శాతానికి లోపే ఉండగా, 5 కోట్ల లోపు సంస్థలకు దాదాపు 17 శాతం ఉన్నట్టు తేలింది. ఒకే రోడ్డు మీద, ఒకే లారీలో వెళ్లే సరుకుకు చిన్నవాడు పెద్దవాడి కన్నా రెట్టింపు భారం మోస్తున్నాడని దీని సారాంశం.

ఇక్కడ దాగిన ఖర్చు అంటే ఎవరో మోసంతో వసూలు చేసే సొమ్మని అర్థం కాదు. సరుకుకు ధర నిర్ణయించే నాటికి కనబడకుండా, పార్శిల్ వెళ్లిపోయిన తర్వాతో, నెలాఖరు బిల్లులోనో బయటపడే ప్రతి ఖర్చూ ఈ కోవలోకే వస్తుంది. వీటిలో చాలావాటికి ఒప్పందంలో ఆధారం ఉంటుంది, కొన్నింటికి న్యాయమైన కారణమూ ఉంటుంది. వ్యాపారి వాటిని ముందుగా చూడలేకపోవడం, చూసినా బేరమాడే బలం లేకపోవడం అసలు సమస్య.

తూకం ఒకటి, చార్జీ మరొకటి

చిన్న వ్యాపారులను మొదట దెబ్బతీసేది ఘనపరిమాణ బరువు. విమానంలోనైనా లారీలోనైనా సరుకు బరువుతో పాటు అది ఆక్రమించే చోటు కూడా విలువైనదే కాబట్టి, రవాణా సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, వచ్చిన సంఖ్యను ఒక నిర్ణీత సంఖ్యతో భాగించి, దాన్ని కిలోల కింద లెక్కగడతాయి. అసలు తూకం, ఈ లెక్కలో తేలిన బరువు – రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ పడుతుంది. భాగించే సంఖ్య అంతర్జాతీయ విమాన సరుకు రవాణాలో సాధారణంగా 6000 కాగా, కొరియర్ సంస్థలు ఎక్కువగా 5000ను, కొన్ని అంతకన్నా తక్కువ సంఖ్యను వాడతాయి. భాగించే సంఖ్య తగ్గినకొద్దీ చార్జీ పడే బరువు పెరుగుతుంది.

దీని ప్రభావం కొండపల్లి బొమ్మ మీద స్పష్టంగా కనిపిస్తుంది. ఆ బొమ్మను చెక్కే తెల్ల పొణికి కర్ర చాలా తేలికైనది. పలుచని భాగాలను విడిగా చెక్కి అతికిస్తారు కనుక, దారిలో విరగకుండా ఉండాలంటే చుట్టూ కాగితమో, గాలిబుడగల షీటో దట్టంగా పెట్టి పెద్ద పెట్టెలో సర్దక తప్పదు. అటువంటి ఒక బొమ్మల సెట్టు ప్యాకింగుతో కలిపి 600 గ్రాములు తూగిందని, దాన్ని 30 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు గల అట్టపెట్టెలో పెట్టారని అనుకుంటే, దాని ఘనపరిమాణం 15,000 ఘన సెంటీమీటర్లు అవుతుంది. 5000తో భాగిస్తే 3 కిలోలు, 4000తో భాగిస్తే 3.75 కిలోలు. పంపినది కిలోలో మూడు వంతులైనా లేని సరుకు, చార్జీ కట్టవలసింది మూడు నాలుగు కిలోలకు. పొరలు పొరలుగా ఉండి ఏ కొద్ది ఒత్తిడికైనా నలిగిపోయే ఆత్రేయపురం పూతరేకులదీ ఇదే పరిస్థితి.

పచ్చడి సమస్య ఇందుకు భిన్నమైనది. అది తక్కువ చోటులో ఎక్కువ బరువు తూగే సరుకు కావడం వల్ల దానికి తూకమే చార్జీ అవుతుంది. దేశీయ కొరియర్ చార్జీలను ఎక్కువగా అర కిలో చొప్పున అంచెలుగా, అంటే స్లాబులుగా, నిర్ణయిస్తారు. 500 గ్రాములు దాటి ఒక్క గ్రాము పెరిగినా రెండో స్లాబు చార్జీ పడుతుంది. అర కిలో పచ్చడికి డబ్బా, మూత, నూనె కారకుండా వేసే కవరు, అట్టపెట్టె బరువు కలుస్తాయి కనుక, అర కిలో పచ్చడి అర కిలో స్లాబులో ఎన్నడూ ఇమడదు. అయినప్పటికీ వ్యాపారుల్లో చాలామంది అర కిలో, కిలో పరిమాణాల్లోనే అమ్ముతూ, ప్రతి పార్శిల్ మీదా వాడుకోని స్లాబుకు డబ్బు కడుతున్నారు.

కొలతల్లో తేడా వస్తే భారం ఇంకా పెరుగుతుంది. వ్యాపారి ఇంటి వద్ద తూచి నమోదు చేసిన బరువును రవాణా సంస్థ తన కేంద్రంలో యంత్రంతో మళ్లీ కొలుస్తుంది. పెట్టె కొద్దిగా ఉబ్బినా, మూల నలిగి బయటకు వచ్చినా కొలత మారి, పెరిగిన చార్జీ వ్యాపారి ఖాతా నుంచి తర్వాత మినహాయింపుగా పోతుంది. అభ్యంతరం చెప్పడానికి కొద్ది రోజుల గడువు ఉంటుంది గానీ, పార్శిల్ వెళ్లిపోయిన తర్వాత రుజువు చూపడం కష్టం. పంపే ముందు తూకం యంత్రం మీద, కొలత టేపు పక్కన పెట్టి తీసిన ఫొటోలు లేని వ్యాపారి వాదన నిలబడదు.

రేటు కార్డు చెప్పని సంగతులు

రవాణా సంస్థలు చూపించే రేటు కార్డులో ఉండేది మూల చార్జీ మాత్రమే. దాని మీద ఇంధన ధరలతో పాటు మారే ఇంధన సర్‌చార్జీ శాతం లెక్కన చేరుతుంది. లారీ ట్రాన్స్‌పోర్టు ద్వారా వెళ్లే పెద్ద మూటలకు రసీదు రాసినందుకు డాకెట్ చార్జీ, సరుకు విలువను బట్టి రిస్కు చార్జీ, ఎత్తడం దించడం కోసం హమాలీ, సంస్థ సాధారణ పరిధికి వెలుపల ఉన్న ఊరికి చేర్చవలసివస్తే అదనపు దూరపు చార్జీ విడివిడిగా పడతాయి. కనీస బరువు అన్న నియమం ఉన్నచోట, మూట అంతకన్నా తేలికైనా ఆ కనీస బరువుకే చెల్లించాలి. పట్టణంలోని పెద్ద వ్యాపారికి ఇవి పెద్దగా పట్టవు. ఏజెన్సీ గ్రామానికో, ఈశాన్య రాష్ట్రాలకో సరుకు పంపే చిన్న వ్యాపారికి మాత్రం ఒక్కోసారి ఇవే మూల చార్జీని మించిపోతాయి.

ఈ చేరికలు ఎలా పోగవుతాయో ఒక ఊహాలెక్క చూపిస్తుంది. మూల చార్జీ 80 రూపాయలనుకుంటే, 20 శాతం ఇంధన సర్‌చార్జీతో అది 96 అవుతుంది. సరుకు చేతికందాక డబ్బు వసూలు చేసే క్యాష్ ఆన్ డెలివరీ సేవకు 35 రూపాయలు కలిస్తే 131 అవుతుంది. కొరియర్ సేవలపై ఉన్న 18 శాతం జీఎస్టీ చేరాక మొత్తం 154 రూపాయలు దాటుతుంది. 80 రూపాయలను దృష్టిలో పెట్టుకుని ధర వేసిన వ్యాపారి ప్రతి పార్శిల్ మీదా 74 రూపాయలు తన లాభం నుంచే కడుతున్నాడన్నమాట.

ఇందులో పన్ను భాగం కూడా చిన్నవారికే ఎక్కువ బరువు. జీఎస్టీ కింద నమోదైన వ్యాపారి కొరియర్ బిల్లులోని పన్నును ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ రూపంలో, అంటే తాను ప్రభుత్వానికి కట్టవలసిన పన్నులోంచి, మినహాయించుకోవచ్చు. సరుకుల అమ్మకం ఏడాదికి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షల రూపాయలు దాటనందున నమోదు కాని వ్యాపారికీ, టర్నోవరు మీద స్వల్ప శాతం చెల్లించే కాంపొజిషన్ పథకంలోని వ్యాపారికీ ఈ అవకాశం లేదు కనుక, ఆ 18 శాతం పూర్తిగా ఖర్చే. నమోదైన వ్యాపారికీ చిక్కు లేకపోలేదు. సరుకుతో పాటు బట్వాడా చార్జీని కూడా కొనుగోలుదారు నుంచి వసూలు చేస్తే చట్టం రెండింటినీ కలిపి ఒకే సరఫరాగా చూస్తుంది. ఆ లెక్కన చీరపై ఉన్న 5 శాతమే బట్వాడాకూ వర్తిస్తుండగా, కొరియర్‌కు కట్టేది మాత్రం 18 శాతం. ఇలా క్రెడిట్ పోగుపడినా, సేవల మీద కట్టిన పన్నును వాపసు కోరే వీలు లేదని సుప్రీంకోర్టు 2021లో వీకేసీ ఫుట్‌స్టెప్స్ కేసులో తేల్చింది.

తిరిగి వచ్చే పార్శిల్

చిన్న వ్యాపారి లాభాన్ని అన్నింటికన్నా వేగంగా తినేది చేరకుండా తిరిగి వచ్చే సరుకు. చిరునామా దొరకకపోయినా, ఫోను ఎత్తకపోయినా, తలుపు దగ్గర డబ్బిచ్చే సమయానికి మనసు మారినా పార్శిల్ పంపినవారికే తిరిగి వస్తుంది. వెళ్లిన చార్జీతో పాటు వచ్చిన చార్జీ కూడా వ్యాపారే భరించాలి. ముందుగా డబ్బు కట్టిన ఆర్డర్లలో ఇది తక్కువగా ఉండి, క్యాష్ ఆన్ డెలివరీలో ఎక్కువగా ఉంటుంది. కొనేవారు సొమ్మేమీ పెట్టలేదు కాబట్టి, వద్దనడం వల్ల వారికి వచ్చే నష్టం లేదు.

100 క్యాష్ ఆన్ డెలివరీ పార్శిళ్లలో 20 తిరిగి వచ్చాయని, ఒక్కోదానికి వెళ్లడానికి 120, రావడానికి 100, ప్యాకింగుకు 25 రూపాయలు అయ్యాయని అనుకుంటే, ఆ 20 పార్శిళ్ల మీద 4,900 రూపాయలు నష్టం. ఆ నష్టాన్ని చేరిన 80 పార్శిళ్లకు పంచితే ఒక్కోదాని మీద 61 రూపాయలకు పైగా పడుతుంది. తిరిగి వచ్చిన చీర మడత నలిగి, పచ్చడి డబ్బా నూనె కారి, పూతరేకు పొడి అయి వస్తే ఆ సరుకు విలువ కూడా నష్టంలో కలుస్తుంది. అన్నీ సవ్యంగా జరిగినప్పుడు సైతం తలుపు దగ్గర వసూలైన డబ్బు కొన్ని రోజుల తర్వాతే వ్యాపారి ఖాతాలో పడుతుంది. ఈలోగా నూలుకో, మామిడికాయకో, నూనెకో అప్పు తెచ్చినవారికి ఆ రోజుల వడ్డీ కూడా రవాణా ఖర్చే.

ఎవరూ రాయని కూలి

ప్యాకింగు సామగ్రికి అయ్యే ఖర్చును కొందరైనా లెక్కిస్తారు గానీ, ప్యాకింగు శ్రమను రాసుకునేవారు చాలా తక్కువ. డబ్బాను మూడు పొరల అట్టపెట్టెలో సర్దడం, కదలకుండా కాగితం కూరడం, టేపు వేయడం, చిరునామా చీటీ అంటించడం, సంచిలో వేసుకుని కొరియర్ కౌంటరు దాకా వెళ్లి వరుసలో నిలబడటం, చేరలేదని ఫోను చేసినవారికి ట్రాకింగు చూసి జవాబు చెప్పడం – ఇదంతా పని. ఇంటి నుంచి నడిచే వ్యాపారాల్లో ఈ పని ఎక్కువగా మహిళల మీదా, బడి నుంచి వచ్చిన పిల్లల మీదా పడుతోంది. దానికి కూలి లెక్కగట్టకపోవడం వల్లే చాలా వ్యాపారాలు కాగితం మీద లాభంలో ఉన్నట్టు కనిపిస్తున్నాయి. బయటి మనిషిని పెట్టుకోవలసిన స్థాయికి వ్యాపారం పెరిగిన రోజున, ఇన్నాళ్లూ ఆ లాభం ఇంటివారి ఉచిత శ్రమేనని బయటపడుతుంది.

సరుకు పోయినా పగిలినా వచ్చే పరిహారం మీద పెట్టుకున్న ఆశ కూడా తరచు నిలవదు. రోడ్డు రవాణా సంస్థల బాధ్యతను నిర్ణయించే 2007 నాటి చట్టం, దాని కింద 2011లో వచ్చిన నియమాల ప్రకారం, అధిక విలువను ముందుగా ప్రకటించి అదనపు రిస్కు చార్జీ కట్టకపోతే, పరిహారం రవాణా చార్జీకి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది. 100 రూపాయల చార్జీతో పంపిన 8,000 రూపాయల చీర పోతే వచ్చేది 1,000 రూపాయలకు మించదు. దావా వేయాలంటే బుకింగు తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వక నోటీసు ఇచ్చి ఉండాలి. ఈ రెండు షరతులూ తెలియక హక్కు కోల్పోయే అవకాశం చిన్న వ్యాపారులకే ఎక్కువ.

సముద్రం దాటే ఆవకాయ

తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న అమెరికాకు పచ్చళ్లూ, పిండివంటలూ, చీరలూ పంపడం హైదరాబాద్, విజయవాడ, గుంటూరుల్లో ఒక వ్యాపారంగానే ఎదిగింది. 2016 నుంచి 800 డాలర్ల లోపు విలువ గల పార్శిళ్లకు అమెరికా సుంకం వసూలు చేయకపోవడం అందుకు పెద్ద ఊతమైంది. 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు అన్ని దేశాలకూ రద్దయింది. సుంకాన్ని ఎవరు, ఎలా వసూలు చేయాలో తేలక భారత తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికాకు చాలా రకాల పార్శిళ్లను నిలిపివేసింది. అక్టోబరు 15న సేవలను పునరుద్ధరించినప్పుడు, భారతీయ సరుకుపై అప్పుడు అమల్లో ఉన్న 50 శాతం సుంకాన్ని బుకింగు సమయంలోనే వసూలు చేసే పద్ధతి వచ్చింది. ఒక విదేశీ ప్రభుత్వ నిర్ణయంతో రాత్రికి రాత్రే ధర మారిపోయినప్పుడు తట్టుకునే నిల్వలు పెద్ద ఎగుమతిదారుకు ఉంటాయి, పది కిలోల పార్శిల్ పంపే గృహిణికి ఉండవు. దీనికి తోడు, అమ్మకం కోసం పంపే ఆహార పదార్థాలకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు ముందస్తు సమాచారం ఇవ్వడం తప్పనిసరి. ఇటువంటి కాగితాల పనిలో సాయపడేందుకు తపాలా శాఖ 2022 నుంచి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలను నెలకొల్పింది గానీ, వాటి ఉనికి తెలియవలసినంత మందికి తెలియలేదు.

కొనేవారికి ఉన్న రక్షణ పంపేవారికి లేదు

పెద్ద ఆన్‌లైన్ అంగళ్లు ఉచిత బట్వాడాను అలవాటు చేయడంతో, చార్జీ అడిగే చిన్న వ్యాపారి అత్యాశపరుడిగా కనిపించే వాతావరణం ఏర్పడింది. నిజానికి ఏ బట్వాడా ఉచితం కాదు. పెద్ద సంస్థ దాన్ని లక్షల పార్శిళ్లకు పంచుకుని, రవాణా సంస్థతో తక్కువ రేటుకు ఒప్పందం చేసుకుని, తేడాను సరుకు ధరలోనో అమ్మకందారు కమిషన్‌లోనో రాబట్టుకుంటుంది. నెలకు వంద పార్శిళ్లు పంపే వ్యాపారికి ఈ మూడు దారులూ మూసుకుపోయి ఉంటాయి.

ఈ అసమానతను చట్టం ఒక వైపు నుంచే చూసింది. 2020 నాటి వినియోగదారుల పరిరక్షణ ఇ-కామర్స్ నియమాల ప్రకారం, అమ్మకందారు మొత్తం ధరతో పాటు బట్వాడా, తపాలా, నిర్వహణ చార్జీలను విడివిడిగా కొనుగోలుదారుకు చూపించాలి. మొదట తక్కువ ధర చూపి, చెల్లించే క్షణంలో ఒక్కొక్క చార్జీనీ బయటపెట్టే డ్రిప్ ప్రైసింగ్ పద్ధతిని 2023 నవంబరులో వచ్చిన మార్గదర్శకాలు నిషేధించాయి. ఇవి ఎంతో మేలైన నియమాలు. అయితే ఇవి కొనేవారి రక్షణ కోసం రూపొందినవి. అదే పద్ధతిలో రవాణా సంస్థ చేతిలో నష్టపోతున్న చిన్న వ్యాపారికి అటువంటి విడి లెక్క కోరే స్పష్టమైన హక్కు లేదు. స్వయం ఉపాధితో జీవనం గడిపేవారికి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి కొన్ని సందర్భాల్లో ఉండవచ్చు. 61 రూపాయల నష్టం కోసం ఆ దారి తొక్కేంత తీరిక మాత్రం ఎవరికీ ఉండదు.

చేయగలిగినదీ, చేయవలసినదీ

వ్యాపారి తన చేతుల్లో ఉన్న మార్పులతో మొదలుపెట్టవచ్చు. పంపిన పార్శిల్‌కు అయిన ఖర్చును లెక్కించడం మాని, నెల మొత్తంలో ప్యాకింగు, కూలి, రవాణా, తిరుగు చార్జీ, పగిలిన సరుకు విలువ, పన్ను అన్నీ కూడి, కొనుగోలుదారుకు క్షేమంగా చేరి డబ్బు వచ్చిన పార్శిళ్ల సంఖ్యతో భాగిస్తే అసలు ఖర్చు తేలుతుంది. ధర నిర్ణయించవలసింది ఆ అంకెతోనే. పెట్టె ప్రతి కొలతలోనూ ఐదేసి సెంటీమీటర్లు తగ్గించి 25, 20, 15కు తెస్తే పైన చెప్పిన బొమ్మల సెట్టు బరువు లెక్క 3 కిలోల నుంచి 1.5 కిలోలకు, అంటే సగానికి, దిగుతుంది. పచ్చడిని 400 గ్రాముల పరిమాణంలో తేలికైన డబ్బాలో అమ్మితే మొదటి స్లాబులోనే ఇమిడే వీలుంటుంది. ముందుగా చెల్లించేవారికి చిన్న తగ్గింపు ఇవ్వడం, క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డరును పంపే ముందు ఫోనులో ధ్రువీకరించుకోవడం తిరుగు పార్శిళ్లను తగ్గిస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆర్టీసీలు నడుపుతున్న కార్గో సేవలు బస్‌స్టాండు నుంచి బస్‌స్టాండుకు సరుకు చేరుస్తాయి కాబట్టి, మండల కేంద్రాలకు పంపేటప్పుడు ఆ రేటును కూడా పోల్చి చూడటం మంచిది. పుస్తకాలు పంపేవారికి తపాలా శాఖ 2025 మే నుంచి అందిస్తున్న జ్ఞాన్ పోస్ట్ సేవలో 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్ను అదనంగా తీసుకుంటారు.

ఒక్కొక్కరుగా చేయలేని పనిని సంఘంగా చేయవచ్చు. కొండపల్లి, పోచంపల్లి, మంగళగిరి, ఆత్రేయపురం వంటి చోట్ల వందలాది కుటుంబాలు ఒకే రకమైన సరుకు తయారుచేస్తున్నప్పుడు, ఒక్కొక్కరూ వేర్వేరు పెట్టెలు కొని, వేర్వేరు కౌంటర్లలో నిలబడి, వేర్వేరు రేట్లు కట్టవలసిన అవసరం లేదు. సహకార సంఘమో స్వయం సహాయక బృందాల సమాఖ్యో ఉమ్మడి ప్యాకింగు కేంద్రం నడిపి, సరైన కొలతల పెట్టెలను టోకున చేయించి, అందరి పార్శిళ్లనూ కలిపి ఒకే ఖాతా కింద రవాణా సంస్థతో బేరమాడితే, పెద్ద సంస్థకు మాత్రమే దక్కే రేటుకు చిన్నవారూ చేరువవుతారు.

ప్రభుత్వం చేయవలసినది ఇంకా పెద్దది. 2021 అక్టోబరులో ప్రారంభమైన గతిశక్తి ప్రణాళిక ప్రధానంగా రహదారులు, రైలు మార్గాలు, రేవులు, గోదాముల మీద దృష్టి పెట్టగా, 2022 సెప్టెంబరులో వచ్చిన జాతీయ లాజిస్టిక్స్ విధానం సేవలు, ప్రక్రియలు, డిజిటలీకరణ మీద దృష్టి పెట్టింది. అర కిలో పార్శిల్‌కు కూడా ఆ విధానంలో తగిన చోటు దక్కాలి. రవాణా సంస్థ అన్ని చార్జీలనూ కలిపిన ఒకే మొత్తాన్ని బుకింగుకు ముందే చూపాలని, కొలత మార్చినప్పుడు ఫొటోతో రుజువు ఇవ్వాలని, అభ్యంతరానికి సహేతుకమైన గడువు ఉండాలని, వసూలైన నగదును నిర్ణీత రోజుల్లో జమ చేయాలని నియమం వస్తే ప్రభుత్వ ఖజానా మీద పడే భారం ఏమంత ఉండదు. కొనేవారికి 2020లో ఇచ్చిన విడి లెక్క హక్కును పంపేవారికీ వర్తింపజేయడమే ఇందులోని కీలకం. సరుకు తయారుచేసిన చేతికి దాని ఖర్చు మొత్తం ముందుగా తెలియడం దయ కాదు, హక్కు. ఆ హక్కును చట్టంలో రాయించే బాధ్యత పాలకులది, దాని కోసం కలిసి అడగవలసిన బాధ్యత చిన్న వ్యాపారుల సంఘాలది.